ఇంటి ముంగిటి కథలు

వ్రాయవలెనను కోరిక యుండియు, వ్రాయుటకు తమయొద్ద ఏమియు లేదని నమ్మువారు మనలో పెక్కుమంది కలరు. అట్టివారిని మేము ఎక్కువగా భద్రాచలము గోదావరి గట్టునను, ఆ గట్టు దాటి అడవిలోనికి పోవు బాటల వెంటనున్న పల్లెలలోను చూచితిమి. రచన నేర్చుకొనుటకై రెండు మూడు దినములు ఒకచోట కూడిన చిన్న సమూహములవి. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కళాశాల విద్యార్థులు, ఒకరిద్దరు రైతులు, వెరసి ఇరువది మందికి మించరు. మొదటి దినమున కాగితములిచ్చి, 'మీకు తోచినది వ్రాయుడు' అంటిమి. ఒకరు వెన్నెలను గూర్చి, ఒకరు దేశభక్తిని గూర్చి, మరియొకరు మాతృప్రేమను గూర్చి వ్రాసిరి. అన్నియు చక్కని మాటలే. కాని కాగితములపై పేర్లు తీసివేసినచో ఏది ఎవరిదో చెప్పుట అలవి కాకుండెను. మీ ఊరిని గూర్చి ఏల వ్రాయలేదని అడిగితిమి. ఒక యువకుడు నవ్వి, "మాకేముంది సార్ రాయటానికి? చెట్లూ పుట్టలూ, గోదారీ తప్ప!" అనెను.

మరునాడు మేము అంశము నీయలేదు. ఒక ప్రశ్న మాత్రము నడిగితిమి. 1986 ఆగస్టులో వరద వచ్చినప్పుడు మీ ఇంటినుండి ముందుగా ఏ వస్తువును బయటికి మోసికొని పోయితిరి? అప్పటికి మీరు పుట్టనివారైనచో, ఇంటి పెద్దలు ఏమి చెప్పిరి?

ఆ యేట భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు చేరెను. మరల 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. ఆ గట్టున పుట్టిన బిడ్డలకు 43, 48, 53 అను మూడంకెలు ఎక్కములకంటె ముందే వచ్చును. అవి మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికల మట్టములు. వానలు పట్టిన దినములలో రేడియో చుట్టు చేరిన ఇంటివారు చెవి యొగ్గి వినునది పాటలకొరకు కాదు, ఆనాటి అంకె కొరకు.

ప్రశ్న విని కొంతసేపు ఎవరును కదలలేదు. పిమ్మట కలములు కదలినవి. ఒక గృహిణి తన అత్తగారిని గూర్చి వ్రాసెను. నీరు వీధిలోనికి వచ్చుచుండగా ఆ ముసలమ్మ బియ్యపు మూటను వదలి ఇసుర్రాయిని మోయుడని పట్టుపట్టెనట. బియ్యము ఎవరైనను పెట్టుదురు, ఇసుర్రాయి లేని ఇల్లు ఇల్లే కాదని ఆమె వాదము. మరియొకరు తన తండ్రిని గూర్చి వ్రాసిరి. ఆయన తువాలులో రేడియోను చుట్టి నెత్తిన పెట్టుకొని గుట్ట యెక్కెను. వెంటనున్న పిల్లవాడు, "నీళ్లు ఇంట్లోకే వచ్చినాక ఇంకా ఆ నీళ్ల ముచ్చట వినటం ఎందుకు నాయనా?" అని అడిగెను. ఆ పిల్లవాడే ఇప్పుడు నడివయస్కుడై మా యెదుట కూర్చుండి ఈ మాట చదివెను. అందరును నవ్విరి, ఆయనయు నవ్వెను, నవ్వుచునే కన్నులు తుడుచుకొనెను. ఆ దినమున కాగితములపై పేర్లు తీసివేసినను ఏది ఎవరిదో మాకు తెలిసెను.

రచనా కార్యశాల యను మాట మనకు కొంత క్రొత్తది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున 1936లో మొదలైన కార్యశాల లోకప్రసిద్ధము. అచట బోధన యనగా ఉపన్యాసము కాదు. వ్రాసినవారు తమ రచనను తోటివారి యెదుట పెట్టుదురు. తోటివారు తమకు తోచినది చెప్పుదురు. మన పాత పద్ధతిలో శిష్యుడు పద్యము వ్రాసి గురువునకు చూపును, గురువు దిద్దును. అందు దిద్దువాడొక్కడు. కార్యశాలయందు వినువారు పలువురు. పలువురు వినినప్పుడు వ్రాసినవానికి తన మాట ఎంతవరకు చేరినదో, ఎచట ఆగిపోయినదో తానే తెలియును.

మనవైపున వ్రాయువారు లేరను అపవాదు క్రొత్తది కాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఎవరో అన్నమాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. అందు 354 మంది కవుల రచనలు చేరినవి. వారందరును ఆ సంచిక కొరకు పుట్టినవారు కారు. అంతకు ముందే తమ తమ ఊళ్ళలో వ్రాసికొనుచుండిరి. అడుగువారు లేకుండిరి, అంతియే. కార్యశాల చేయవలసిన మొదటి పని ఆ అడుగుటయే.

తన బ్రతుకు నుండి వస్తువును తీసికొనుట ఈ సీమకు పరాయి విద్య కాదు. నేలకొండపల్లి వాడైన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ తహసీల్దారుగా నుండి, భద్రగిరిపై ఆలయము కట్టించి, ఆ ధనము విషయమై గోలకొండ చెరలో మ్రగ్గెను. ఆయన ప్రసిద్ధ కీర్తనలలో ఒకదానియందు సీతమ్మకు చింతాకు పతకము, లక్ష్మణునకు ముత్యాల పతకము, ఇట్లు ఏ నగ ఎవరికి చేయించెనో, దేనికెంత పట్టెనో పేరుపేరున చెప్పి రామునికి మొరపెట్టుకొనెను. భక్తులు దానిని భక్తితో పాడుదురు. రచన నేర్చుకొనువారు మరియొక విషయమును గమనింపవలెను. లెక్కలు వ్రాయుట ఆయన వృత్తి. దుఃఖము వచ్చినప్పుడు ఆ దుఃఖమును కూడ లెక్కగానే చెప్పెను. అందుచేతనే మూడు వందల యేండ్లు గడచినను ఆ గొంతు గోపన్నదే యని వినువారు గుర్తింపగలరు.

మన కాలమునకు దగ్గరగా వచ్చినచో, చినగూడూరున 1925లో పుట్టి ఖమ్మమున చదివిన దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజామాబాదు జైలు గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. 1949లో వారి 'అగ్నిధార' వెలువడెను. ఆ జైలులో వారికి తోడుగా నుండిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు తాము చూచిన ఖైదీల బ్రతుకులను 'జైలు లోపల' అను కథలుగా చేసిరి. దాశరథిగారి తమ్ములు రంగాచార్యులుగారు తాము పెరిగిన కాలపు పల్లెలను, అందలి దొరతనమును 'చిల్లర దేవుళ్ళు' నవలగా వ్రాసిరి. వీరెవ్వరును కథావస్తువును వెదకికొని దూరదేశములకు పోలేదు.

అయినను వీరి పేర్లు చెప్పగానే మా యెదుటనున్నవారు వెనుకకు తగ్గుదురు. "వాళ్లు జైలుకు పోయినోళ్లు సార్, మేం ఎటూ పోలేదు" అందురు. కావున మేము ఇంటినుండియే ఆరంభింతుము. మా పద్ధతి మిక్కిలి సులభము.

మొదట ఒక వస్తువు. ఇంటనున్నదియో, ఒకప్పుడుండి పోయినదియో, దానిని గూర్చి పది పంక్తులు. ఒక యువతి తునికాకు కట్టను గూర్చి వ్రాసెను. వేసవిలో ఈ పల్లెలు తెల్లవారకముందే లేచి ఆకు కోతకు పోవును. తెచ్చిన ఆకును ఇంటివద్ద ఏరి కట్టలు కట్టి కల్లమునకు కొనిపోయి అప్పగింతురు. కట్టకు 50 ఆకులు. ఇంతవరకు ఏ పుస్తకమందైనను దొరకును. ఆమె మాత్రమే వ్రాయగల వాక్యము తరువాత వచ్చినది. ఆ నెలలలో తన తల్లి నిద్రలో కూడ బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళను తడుముచు లెక్కించుచుండునట. ఇది చదువగానే మరి ముగ్గురు, "మా అమ్మ కూడా!" అనిరి. ఆ రచనకు అంతకుమించిన బహుమానము మేమీయజాలము.

రెండవది స్థలము. చిన్ననాటి ఇంటి పటము గీయుడని చెప్పుదుము. గడప ఎటు, పొయ్యి ఎటు, కోళ్ళగూడు ఎటు, తాత మంచము ఎచట? గీత గీయుచుండగనే మనుష్యులు వచ్చి ఆయా తావులలో కూర్చుందురు. మూడవది కాలము. పంచాంగములోని మాసము కాదు, ముక్కునకు చెవికి తెలియు కాలము. ఇప్పపూవు రాలు దినములలో వేకువజామున చెట్టుక్రింద నిలిచినవానికి ఆ తీపి వాసనయే మాసము పేరు చెప్పును. దానిని గూర్చి వ్రాయునపుడు 'మధురము', 'మనోహరము' అను మాటలు వాడరాదని నియమము పెట్టుదుము. ఆ రెండు మాటలు తలుపు మూసినచో జ్ఞాపకము వేరు తలుపు వెదకికొనును. ఒకరికి గంప అంచు గుచ్చుకొన్న చోటు జ్ఞాపకము వచ్చును; ఒకరికి చెట్లకొరకు అన్నదమ్ములు తగవులాడుట జ్ఞాపకము వచ్చును.

నాలుగవది చదువుట, వినుట. వినువారు 'బాగున్నది', 'బాగులేదు' అనరాదు. ప్రశ్నలు మాత్రమే వేయవలెను. ఒకాయన వరదనాటి రాత్రిని గూర్చి చదివెను. ఇంటిల్లిపాదియు పడవ యెక్కిన విధము, పాఠశాల భవనమున తలదాచుకొన్న విధము, అంతయు సక్రమముగ నుండెను. వెనుక వరుసలో నున్న బాలిక యొకతె, "మరి మీ కుక్క ఏమైందన్నా?" అని అడిగెను. ఆయన చాలసేపు పలుకలేదు. మరునాడు నాలుగు పంక్తులు చేర్చి తెచ్చెను. కప్పుపై నిలిచి మొరుగుచున్న కుక్కను, పడవ దూరమగుకొలది చిన్నదగుచున్న ఆ మొరుగును అందు వ్రాసెను. తక్కిన రెండు పుటలకంటె ఆ నాలుగు పంక్తులే మా మనస్సున నిలిచినవి.

ప్రశ్నకు బలము కలదు. దానికి హద్దును కలదు. ఆ హద్దును మేము తప్పు చేసి తెలిసికొంటిమి. మొదటి సమావేశములలో వ్రాసినవారందరును బిగ్గరగ చదువవలెనని నియమము పెట్టితిమి. ఒక నడివయస్కుడు వ్రాసెను. తన వంతు రాగానే చదువనని తల యూపెను. సంకోచమనుకొని మేము బలవంతపెట్టితిమి. ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొని లేచి వెడలిపోయెను. మరునాడు రాలేదు. మూడవనాడు వచ్చి వెనుక కూర్చుండెను. క్షమింపుమని వేడితిమి. "రాసినందుకు కాదు సార్, చదవమన్నందుకు పోయిన" అనెను. ఆ కాగితమున ఏమున్నదో మాకు తెలియదు; తెలియవలసిన అవసరమును లేదు. నాటినుండి చదువుట వ్రాసినవారి ఇష్టము. వ్రాసినదంతయు ఒకరికి చూపుటకే యనుకొనుట మా పొరపాటు. కొన్ని పుటలు వ్రాసినవానికి ఊరట నిచ్చి, వాని పెట్టెలోనే యుండుట న్యాయము.

ఇంటివారి బ్రతుకును గూర్చి వ్రాయునపుడును ఈ జాగ్రత్త వలయును. అక్క కాపురములోని కష్టము, అన్న చేసిన అప్పు మనకు జ్ఞాపకమే కావచ్చును. వారికది నేటి బ్రతుకు. వారిని అడిగి వ్రాయుట మర్యాద. వలదన్నచో మానుట అంతకంటె పెద్ద మర్యాద.

ఇక భాష. ఈ ప్రసంగమును మేము గ్రంథభాషలో చదువుచున్నాము. అది మాకు చిరకాలపు అలవాటు. కాని అచట కూర్చున్నవారికి మా అలవాటును అంటింపదలచలేదు. అడవి పల్లెలలో అనేకులకు ఇంటిభాష కోయ. తెలుగు బడిలో నేర్చినది. తెలుగున ఏరు అనగా ప్రవహించు వాగు. కోయభాషలో ఏరు అనగా నీరు. ఒక బాలుడు 'ఏరు తాగి వచ్చిన' అని వ్రాసెను. బడిలో ఆ మాటచుట్టు ఎఱ్ఱ సిరాతో సున్న చుట్టిరి. ఏటినంతయు త్రాగుట అగస్త్యునివంటి వానికి తగును గాని బాలునికి తగునా యని కాబోలు! బాలుని మాటలో తప్పు లేదు. దిద్దినవారికి అతని ఇల్లు తెలియదు.

ఈ విషయమున మన దేశమున మంచి ప్రయత్నములు జరుగకపోలేదు. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసి, గోండిలో వాచకములు తయారైనవి. 2004 ప్రాంతమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభమైనది; వానిలో కోయ యొకటి. న్యూజిలాండున సిల్వియా ఆష్టన్ వార్నర్ అను ఉపాధ్యాయిని మావోరీ బాలురకు చదువు నేర్పుచు, ప్రతి బిడ్డను ఈనాడు నీకే మాట కావలెనని అడిగి, ఆ మాటనే అట్టముక్కపై వ్రాసి యిచ్చెడిది. బిడ్డ తాను కోరిన మాటను మరువదు. తన అనుభవమును ఆమె 1963లో 'టీచర్' అను పుస్తకమున వివరించినది. పెద్దలకు రచన నేర్పువారమైన మాకును అదియే పాఠము. కోయ మాటను కోయ మాటగనే తెలుగు లిపిలో ఉంచుడని చెప్పుదుము. పాఠకునకు అర్థము కాకున్నచో ప్రక్క వాక్యము సాయపడును.

వ్రాత లేనంతమాత్రమున జ్ఞాపకము లేదని తలపరాదు. కోయలలో డోలీలను గాయకులు కలరు. వంశముల పుట్టుపూర్వోత్తరములను, వీరుల కథలను వారు డోలు వాయించుచు గానము చేయుదురు. పడిగె యను బొమ్మలు గల గుడ్డ ఆ కథలకు గ్రంథము. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశముల చరిత్రను కోయ, తెలుగు భాషలు రెంటను పాడగలిగినవారు. 2022లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 2024లో వారు కన్నుమూసిరి. పెద్దవారు పాడుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుట ఆ విద్యకు మార్గము. ప్రక్కన కూర్చుండువారు తగ్గుచున్న కాలమున, కనీసము వినినది వ్రాసికొనుట మనుమల కర్తవ్యము.

ఈ తొందర ఏల యని అడుగవచ్చును. 2014లో రాష్ట్ర విభజన సమయమున ఈ సీమలోని కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. ఒకే వాగున నీరు త్రాగినవారు రెండు రాష్ట్రములవారైరి. గోదావరిపై నిర్మింపబడుచున్న పోలవరము ప్రాజెక్టు ముంపు ప్రాంతమున ఎన్నో కోయ, కొండరెడ్డి పల్లెలు ఉన్నవి. ఇప్పటికే కొన్ని కుటుంబములు పునరావాస కాలనీలకు తరలిపోయినవి. ప్రాజెక్టు మేలుకీడుల వాదము ఈ ప్రసంగమునకు చెందినది కాదు. మేము చెప్పదలచినది ఒక పట్టికను గూర్చి మాత్రమే.

ఊరు కదలునప్పుడు అధికారులు పట్టిక వ్రాయుదురు. అందు భూమి యెంత, ఇల్లు ఏ విధమైనది, చెట్లెన్ని యను లెక్క యుండును. అది అవసరమే, పరిహారము దానినిబట్టి వచ్చును. కాని ఆ చెట్లలో దేనికి ఊయల కట్టినారో, ఏ చెట్టుక్రింద పెద్దలు తగవులు తీర్చిరో ఆ పట్టికయందు చోటు లేదు. ఈ గోదావరి కొండలలోని కొండరెడ్లను గూర్చి హైమండార్ఫ్ అను పండితుడు 1945లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. బయటినుండి వచ్చి, వారి నడుమ మెలగి, శ్రద్ధతో వ్రాసిన గ్రంథమది, విలువ గలది. అయినను అది అతిథి చూచిన ఇల్లు. ఇంటిలోనివారు వ్రాసిన రెండవ పట్టిక యొకటి కావలెను. గోపన్న తన నగలను లెక్కించినట్లు, పోయినదానిని పేరుపేరున లెక్కించు పట్టిక. కార్యశాలకు వచ్చినవారిలో అందరును కథకులు కారు. ఒకరో ఇద్దరో అగుదురు. కాని అట్టి పట్టికను ప్రతివారును వ్రాయగలరు.

ఈ పుటలను చదువుచున్న గృహస్థులు కొందరు, మాది నది గట్టు కాదు, అడవి కాదు, మాకేమి మునుగునని తలపవచ్చును. ఇల్లు మారుట, వీధి వెడల్పగుట, ముసలివారు మరచిపోవుట అన్ని ఊళ్ళలోను కలదు. కావున ఒక విన్నపము. ఈ రాత్రి రేడియో కట్టిన పిమ్మట ఒక నోటుపుస్తకము తీసికొని ఇంటి పెద్దవారి ప్రక్కన కూర్చుండుడు. మూడు ప్రశ్నలు చాలును. మీరు పుట్టిన ఇంటి గడపలో నిలిచి చూచినచో ఏమి కనబడెడిది? మీ చేతులకు కన్నులు మూసినను వచ్చు పని యేది? అప్పుడు వినబడి ఇప్పుడు వినబడని చప్పుడు ఏది? వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలతోనే వ్రాయుడు. పైన తేదీని, ఊరి పేరును వేయుడు. వ్రాసినదానిని వారికి చదివి వినిపింపుడు. వారు దిద్దినచో దిద్దుకొనుడు; ఇది ఉంచవద్దన్నచో కొట్టివేయుడు.

గోదావరి ఏ యేట ఎన్ని అడుగులు పొంగినదో ప్రభుత్వపు దస్త్రములలో భద్రముగ నుండును. నీరు మన ఇంటి ఎన్నవ మెట్టు దాక వచ్చినదో, ఆ మెట్టుపై అప్పుడు ఎవరు కూర్చుండిరో ఆ దస్త్రములలో నుండదు. అది వ్రాయవలసినవారము మనమే.